ఓడ విశాఖలో ఆగే ఆ ఒక్క పగలు

ఉదయం 8 నుంచి సాయంత్రం 6 దాకా క్రూజ్ ఓడ విశాఖ రేవులో ఉంటుందని కాగితం మీద చూడగానే పది గంటలు చేతిలో ఉన్నాయనుకుంటారు. నిజంగా ఊళ్లో తిరగడానికి దొరికేది ఆరున్నర, మహా అయితే ఏడు గంటలు. దిగడానికి వరస, గుర్తింపు కార్డు తనిఖీ, రేవు గేటు దాకా బస్సు, ఇవన్నీ అయి రోడ్డు మీద కాలు పెట్టేసరికి 9 దాటుతుంది. 6కి కదిలే ఓడ 6 దాకా ఎక్కనివ్వదు. చాలా ఓడల్లో బయల్దేరడానికి అరగంట నుంచి గంట ముందే అందరూ లోపల ఉండాలి.

అందుకే రోజును సాయంత్రం నుంచి వెనక్కి లెక్కపెట్టండి. 5కి ఓడలో ఉండాలంటే నాలుగున్నరకు రేవు గేటు దగ్గరుండాలి. నాలుగున్నరకు గేటు దగ్గరుండాలంటే బీచ్ రోడ్డును మూడుంముప్పావుకి వదలాలి. ఆర్కే బీచ్ నుంచి రేవు నాలుగైదు కిలోమీటర్లే, ఖాళీగా ఉంటే పావుగంట దారి. కానీ అటువైపే కంటెయినర్ లారీలు కూడా వెళ్తాయి, అవి బారులు తీరాయంటే కారు కదలదు. ముప్పావుగంట పెట్టుకోమనేది అందుకే.

మిగతా ప్లాన్ అంతా ఒక్క మాట మీద నడుస్తుంది: దూరంగా ఉన్నవి ముందు, దగ్గరున్నవి చివర. పొద్దున పదింటికి తొట్లకొండ దగ్గర కారు టైరు పంక్చరైతే పోయేది అరగంటే. మధ్యాహ్నం మూడున్నరకు అదే జరిగితే ఓడే పోతుంది. ఎండ లెక్క చూసుకున్నా ఇదే వరస బాగుంటుంది. నీడలేని కొండలు పొద్దున్నే అయిపోతాయి, లోపల నిలబడి చూసేవి మధ్యాహ్నానికి మిగులుతాయి. పైగా ఆర్కే బీచ్‌లోని కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం మామూలు రోజుల్లో మధ్యాహ్నం 2కి గానీ తెరవరు. పొద్దున్నే నేరుగా బీచ్‌కి వెళ్లి మూసిన గేటు ముందు ఫొటో దిగి వెనక్కొచ్చేవాళ్లు చాలామంది ఉంటారు.

అరకు సంగతి ముందే తేల్చేద్దాం. వద్దు. విశాఖ అనగానే అరకు, బొర్రా గుహలు గుర్తొస్తాయి, చూడాల్సినవే, సందేహం లేదు. కానీ అరకు సుమారు 115 కిలోమీటర్లు, అందులో సగం దాకా ఘాట్ రోడ్డు. ఒక్కవైపుకే మూడు గంటల పైన పడుతుంది. అరకు మీదుగా పోయే కిరండూల్ రైలు పొద్దున ఏడింటిలోపే స్టేషన్ వదిలేస్తుంది, ఓడ దిగి దాన్ని అందుకోలేరు. బొర్రా కొంచెం దగ్గర, సుమారు 90 కిలోమీటర్లు. అయినా రానూపోనూ ఆరు గంటలు కారులోనే పోతాయి. ఘాట్‌లో ఒక్క లారీ ఆగిపోయినా, ఒక చెట్టు పడినా ఓడ మిమ్మల్ని వదిలి వెళ్లిపోతుంది. అరకు కోసం ఇంకోసారి రెండు రోజులు పెట్టుకుని రండి.

రేవు గేటు

బహమాస్ దీవుల్లో, నాసావ్ లాంటి చోట, ఓడ మెట్లు దిగి నాలుగడుగులు వేస్తే బజారులో ఉంటారు. విశాఖ అలా కాదు. ఇది 1933లో మొదలైన పెద్ద సరుకుల రేవు. క్రూజ్ ఓడల కోసం ప్రత్యేకంగా టెర్మినల్ కట్టి 2023లో తెరిచారు, అయినా చుట్టూ ఉన్నది పనిచేసే రేవే. కాపలా కేంద్ర భద్రతా దళం సీఐఎస్‌ఎఫ్‌ది. లోపల నడిచి తిరగనివ్వరు, బయటి ఆటో లోపలికి రాదు. ఓడవాళ్ల బస్సులో గేటు దాకా వచ్చి, అక్కడి నుంచి మీ దారి మీరు చూసుకోవాలి.

జేబులో మూడు ఉండాలి: ఓడ కార్డు, ఫొటో ఉన్న గుర్తింపు పత్రం, ఆ రోజు ఓడవాళ్లు ఇచ్చిన కాగితం. విదేశాల నుంచి వస్తున్న ఓడైతే పాస్‌పోర్టు, దిగేందుకు ఇచ్చిన అనుమతి కాగితం కూడా. ఆ రోజు కాగితాన్ని కేబిన్‌లో వదిలేయకండి. దాని మీదే ఎక్కాల్సిన సమయమూ, మామూలుగా రేవు ఏజెంటు (రేవులో ఓడ పనులు చూసే మనిషి) ఫోన్ నంబరూ ఉంటాయి. రెండింటినీ ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి.

గడియారం సంగతి కూడా చూసుకోవాలి. చెన్నై నుంచో కొలంబో నుంచో వస్తే ఇబ్బంది లేదు, రెండు చోట్లా మన సమయమే. థాయ్‌లాండ్ వైపు నుంచి వచ్చే ఓడలో గడియారాలు మన సమయానికి మార్చకపోతే గంటన్నర ముందుంటాయి. ఫోన్ మాత్రం విశాఖ టవర్ అందగానే దానంతటదే మారిపోతుంది. దిగేముందు రిసెప్షన్‌లో ఒకే ప్రశ్న అడగండి: "ఎక్కాల్సిన టైము ఏ గడియారం ప్రకారం?"

ఇంకో హెచ్చరిక. రేవు పక్కనే నౌకాదళం ఉంది. డాల్ఫిన్స్ నోస్ కొండ వైపు, యుద్ధనౌకల వైపు, గేటు దగ్గర ఫొటోలు వద్దు. డ్రోన్ అసలు ఓడ నుంచి దించకండి.

బండి విషయానికొస్తే, గేటు దగ్గర ఒక్కో చోటికి ఒక్కో ఆటో మాట్లాడుకోవడం కంటే రోజంతటికీ కారు పెట్టుకోవడం మేలు. ఊళ్లో ట్యాక్సీవాళ్ల మామూలు లెక్క "8 గంటలు, 80 కిలోమీటర్లు". కింద చెప్పిన తిరుగుడు మొత్తం అరవై కిలోమీటర్లు కూడా దాటదు, కాబట్టి అది సరిగ్గా సరిపోతుంది. ముందు రోజే మాట్లాడుకుని, ఏ గేటు దగ్గర నిలబడాలో డ్రైవర్‌కి స్పష్టంగా చెప్పండి. రేవుకు గేట్లు చాలా ఉన్నాయి, "పోర్టు గేటు దగ్గరున్నాను సార్" అంటే అరగంట ఒకరినొకరు వెతుక్కోవడమే. డబ్బు మొత్తం ముందే ఇవ్వకండి, చివర్లో గేటు దగ్గర దింపాక ఇవ్వండి. వాతావరణం బాగోక ఓడ విశాఖలో ఆగకుండా పోవడం కూడా ఉంటుంది. అక్టోబరు, నవంబరుల్లో బంగాళాఖాతంలో తుపాన్లు ఎక్కువ, హుద్‌హుద్ ఈ ఊరిని తాకింది 2014 అక్టోబరు 12న. వెనక్కి రాని అడ్వాన్సులు ఆ నెలల్లో కట్టొద్దు.

పొద్దున: తొట్లకొండ, కైలాసగిరి

గేటు నుంచి బీచ్ రోడ్డు మీదుగా భీమిలి వైపు పోనివ్వండి. కుడివైపు సముద్రం ఉంటుంది కాబట్టి బండిలో కుడివైపు కూర్చున్నవాళ్లది అదృష్టం. రుషికొండ దాటాక ఎడమకు కొండ మీదికి మలుపు వస్తుంది. రేవు నుంచి సుమారు ఇరవై కిలోమీటర్లు, నలభై నిమిషాలు.

తొట్లకొండ రెండు వేల ఏళ్ల కిందటి బౌద్ధ ఆరామం. కొండరాతిలో నీళ్ల కోసం తొలిచిన తొట్ల వల్ల ఆ పేరు. 1988 నుంచి 1993 దాకా రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వి బయటపెట్టింది. మహాస్తూపం పునాది, భిక్షువుల గదుల వరసలు, అందరూ కలిసి తిన్న భోజనశాల, ఆ తొట్లు, అన్నీ ఒక అరగంట నడకలో చూడొచ్చు. తవ్వకాల్లో శాతవాహనుల నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలు కూడా దొరికాయి. స్తూపం దగ్గర నిలబడి సముద్రం వైపు చూస్తే, అంత దూరపు డబ్బు ఈ కొండ మీదికి ఏ దారిన వచ్చి ఉంటుందో ఎవరూ చెప్పనక్కర్లేదు. ఓడలో వచ్చినవాళ్లు చూడాల్సిన చోటు ఇది.

పైన నీడ తక్కువ, దుకాణాలు ఉంటాయని నమ్ముకోవద్దు. మనిషికి లీటరు నీళ్లు, టోపీ, గట్టి చెప్పులు. ఇటుక పునాదుల మీద ఎక్కొద్దు, పిల్లల్నీ ఎక్కనివ్వొద్దు, అవి ఇంకా విరుగుతూనే ఉన్నాయి. పదిన్నరకల్లా దిగిపోండి.

తిరుగు దారిలో రుషికొండ వస్తుంది. శుభ్రత, భద్రత చూసి ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు బ్లూ ఫ్లాగ్ 2020లో వచ్చిన బీచ్. కాళ్లు తడుపుకోవాలంటే ఆర్కే బీచ్ కంటే ఇదే నయం, ఎందుకంటే ఇక్కడ లైఫ్‌గార్డులు ఉంటారు, దిగాల్సిన చోటుకు హద్దులు ఉంటాయి. ఆ హద్దులోనే, మోకాలి లోతు దాటకుండా. విశాఖ తీరంలో అల కొట్టడం కంటే వెనక్కి పోవడం ప్రమాదం. ఒడ్డుకు చేరిన నీళ్లన్నీ ఒక సన్నటి దారి చేసుకుని సముద్రంలోకి ఉరుకుతాయి, ఆ దారిలో నిలబడ్డవాడి కాళ్ల కింద ఇసుక జారిపోయి మనిషి కొట్టుకుపోతాడు. అలలు లేకుండా నున్నగా కనిపించే చోటే చాలాసార్లు ఆ దారి. ఈతొచ్చినవాళ్లు కూడా ఎదురీది అలిసిపోయి మునిగిపోతున్నారు. చిక్కుకుంటే ఒడ్డు వైపు కాదు, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదాలి. యారాడ, ఆర్కే బీచ్‌లలో అసలు దిగొద్దు. ప్రతి ఏటా ఇక్కడ ప్రాణాలు పోతున్నాయి, పోయేది ఎక్కువగా బయటి ఊళ్ల నుంచి వచ్చిన కుర్రాళ్లే.

తరువాత కైలాసగిరి. రోప్‌వే సరదాగానే ఉంటుంది కానీ సెలవు రోజుల్లో వరస గంట దాకా పోవచ్చు. కారు పైదాకా వెళ్తుంది కాబట్టి కారులోనే ఎక్కండి. పైన తెల్లటి శివపార్వతుల విగ్రహాలు, కొండ చుట్టూ తిరిగే చిన్న రైలు ఉన్నాయి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు ఆ రైలే మంచి ఏర్పాటు, నడవకుండా అన్ని వైపులా చూసేయొచ్చు. దక్షిణం వైపు చూసే చోట నిలబడితే తీరం విల్లులా వంగి డాల్ఫిన్స్ నోస్ దగ్గర ఆగడం మొత్తం ఒకేసారి కనిపిస్తుంది, గాలి తేటగా ఉంటే మీ ఓడ కూడా. గంట చాలు.

భోజనం, చేపలు

పన్నెండున్నరకు భోజనానికి కూర్చుంటే హోటళ్లలో వరస ఉండదు, ఒంటిగంట దాటితే ఉంటుంది. వంజరం వేపుడు, చందువా, రొయ్యల ఇగురు అడగండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరపడవల చేపల వేటకు నిషేధం, 61 రోజులు. ఆ రోజుల్లో పెద్ద చేప ఐసులో నిలవున్నదో, వేరే చోటి నుంచి తెచ్చిందో అయ్యే అవకాశం ఎక్కువ. అప్పుడు చిన్న నాటు పడవలవాళ్లు తెచ్చే కానాగంతల్లాంటి చిన్న చేపలు అడగండి, లేదంటే కూరగాయల భోజనం తినండి. కడుపు పాడైతే రాత్రంతా ఊగే ఓడలో పడే అవస్థ మామూలుగా ఉండదు. బీచ్ బండ్ల మీద మురీ మిక్చర్ తినకుండా వెళ్లొద్దు, మీ కళ్ల ముందే మరమరాల్లో ఉల్లి, టమాటా కోసి, నిమ్మకాయ పిండి కలుపుతారు. కోసి పెట్టిన పండ్ల ముక్కల జోలికి మాత్రం పోకండి.

ఓడ తెల్లవారుజామునే చేరి ఆరింటికల్లా దిగనిస్తే, ముందు ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లండి, రేవు పక్కనే. వేలంపాట తెల్లవారకముందే మొదలై ఎనిమిదికల్లా పలచబడుతుంది. నేలంతా తడి, జారుతుంది. జోళ్లు పాతవి వేసుకోండి, తోపుడు బళ్లకు అడ్డం నిలబడకండి, పాట సాగుతున్నప్పుడు మధ్యలో ధర అడగకండి. నిషేధం రోజుల్లో అక్కడికి వెళ్లి లాభం లేదు.

మధ్యాహ్నం: కురుసుర, టీయూ-142

రెండింటికి కురుసుర తలుపు దగ్గర ఉండండి. సోమవారం సెలవు. ఆదివారం, సెలవు రోజుల్లో పొద్దున పదింటికే తెరుస్తారు కానీ మధ్యాహ్నం కాసేపు మూస్తారు, జనమూ ఎక్కువే.

ఐఎన్ఎస్ కురుసుర సోవియట్ యూనియన్‌లో తయారైన డీజిల్ సబ్‌మెరైన్. 1969 డిసెంబరులో నౌకాదళంలో చేరింది, 2001 ఫిబ్రవరిలో సేవ ముగిసింది, 2002లో ఆర్కే బీచ్ ఇసుక మీదికి లాగి మ్యూజియం చేశారు. పొడవు 91 మీటర్లు. బయటి నుంచి చూస్తే ఇంత పెద్దదా అనిపిస్తుంది, లోపల అడుగుపెట్టాక ఇంత ఇరుకా అనిపిస్తుంది. ఒక అర నుంచి ఇంకో అరకు పోవడానికి ఉన్నది తలుపు కాదు, గుండ్రటి రంధ్రం. ముందు ఒక కాలు పెట్టి, తల వంచి, నడుం వంచి, తరువాత రెండో కాలు తీసుకోవాలి. తల ముందు పెట్టినవాళ్లకు నుదురు ఇనుముకు తగులుతుంది. ముందు భాగంలో ఆరు టార్పెడో గొట్టాలు, వెనక నాలుగు. ఆ టార్పెడోలు దాచే చోటే నావికుల పడకలు కూడా. డెబ్బై మందికి పైగా మనుషులు వారాల తరబడి ఈ గొట్టంలో బతికారు. చేతిని గోడకు ఆనిస్తే ఏదో ఒక వాల్వు తగులుతుంది, పైకి చూస్తే పైపులు, కిందకు చూస్తే బ్యాటరీ అరల మూతలు.

లోపల దారి చూపించేవాళ్లు నౌకాదళంలో పనిచేసి రిటైరైనవాళ్లే. గుంపు వెంట గబగబా తోసుకుపోకుండా ఒక అరలో ఆగి ఒక ప్రశ్న అడగండి. "నీళ్లలో ఉండగా గాలి ఎక్కడిది?" అంటే చాలు, పెరిస్కోపు పక్కన లేచే గాలిగొట్టం నుంచి, డీజిల్ ఇంజన్లు ఎప్పుడు ఆపాలి, బ్యాటరీలు ఎప్పుడు నింపాలి దాకా చెప్తారు. మధ్యలోంచి వెనక్కి రావడం కష్టం, కాబట్టి మోకాళ్లు వంగనివాళ్లు, ఇరుకంటే భయపడేవాళ్లు, చంకలో పసిపిల్ల ఉన్నవాళ్లు బయటే కూర్చోవడం మంచిది. భుజం సంచి వెనక వేలాడితే ప్రతి తలుపు దగ్గరా చిక్కుకుంటుంది, ముందుకు తగిలించుకోండి. నలభై నిమిషాలు చాలు.

రోడ్డుకు అవతల టీయూ-142 విమానం. 1988 నుంచి 2017 దాకా సముద్రం మీద గస్తీ తిరిగి సబ్‌మెరైన్లను వెతికిన విమానం అది. వెతికేదీ, దాక్కునేదీ ఎదురెదురుగా ఉండటం మన అదృష్టం. నాలుగు ఇంజన్లకు ఒక్కోదానికి రెండేసి పంకాలు, ఒకదానికొకటి ఎదురు దిక్కున తిరిగేవి. దగ్గరికి వెళ్లి రెక్కల వంపు తేడా చూడండి, ముందు పంకా రెక్క ఒకవైపు, వెనకది ఇంకోవైపు తిరిగి ఉంటాయి. లోపల కురుసుర కంటే నడక తేలిక. ఇక్కడికి అరగంట. 1971 యుద్ధ స్మారకం కూడా ఈ రోడ్డు మీదే. ఆ ఏడాది డిసెంబరులో పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ మునిగిపోయింది ఈ విశాఖ తీరంలోనే.

సోమవారం వస్తే

కురుసుర లేని రోజున పాత ఊరు చూడండి, రేవుకు ఇంకా దగ్గర. బురుజుపేట కనకమహాలక్ష్మి గుడిలో అమ్మవారి మీద కప్పు లేదు, ఆరుబయటే ఉంటుంది. పూజారి కోసం చూడనక్కర్లేదు, భక్తులే తమ చేత్తో పసుపు కుంకుమలు వేసి మొక్కుకుంటారు. మార్గశిర మాసం గురువారాల్లో మాత్రం వరస గంటల తరబడి ఉంటుంది, ఓడ దిగినవాళ్లకు కుదరదు. అక్కడి నుంచి కురుపాం మార్కెట్ మీదుగా రేవు వైపు వస్తే మూడు కొండలు పక్కపక్కనే: ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద రాస్ హిల్ చర్చి. ఓడలు లోపలికి వచ్చే కాలువ ఈ కొండల కిందే. రాస్ హిల్ మీది నుంచి చూస్తే పొద్దున మీరు ఏ దారిన వచ్చారో తెలుస్తుంది.

అప్పన్న దర్శనమే ముఖ్యమనుకునేవాళ్లు మిగతావన్నీ వదిలేసి పొద్దున నేరుగా సింహాచలం వెళ్లాలి. మధ్యాహ్నం నివేదనకు దర్శనం కాసేపు ఆపుతారు, దాని కంటే ముందే బయటపడాలి. ఫోను, కెమెరా కారులోనే వదలండి. స్వామి ఏడాదంతా చందనంలోనే ఉంటారు, నిజరూపం ఒక్క అక్షయ తృతీయ నాడే. ఆ రోజున మీ ఓడ విశాఖలో ఉంటే కొండ వైపు చూడకండి, తిరిగి రాలేరు.

కొనుక్కునేవి

మాడుగుల హల్వా, అరకు కాఫీ పొడి, ఏటికొప్పాక లక్క బొమ్మలు. మూడూ ఊళ్లో దొరుకుతాయి. హల్వా ఫ్యాక్టరీ సీలున్న పెట్టెలో, తేదీ చూసి తీసుకోండి, విడిగా కట్టిన తినుబండారాలను చాలా ఓడల్లో ఎక్కనివ్వరు. పచ్చి చేపలు, పండ్లు కూడా అంతే.

ఏటికొప్పాక బొమ్మ కొనేటప్పుడు చేతిలోకి తీసుకుని చూడండి. అంకుడు కర్రను తరిణె మీద తిప్పుతూ రంగు కలిపిన లక్క కణికను దానికి ఒత్తుతారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పడుతుంది, ఆ తరువాత మొగలి ఆకుతో మెరుగు పెడతారు. కుంచెతో రంగు వేసినట్టు అంచుల దగ్గర కారిన గీతలు ఉంటే అది ఆ పని కాదు. కుంకుమ భరిణె అయితే మూత తీసి పెట్టి చూడండి, తలకిందులు చేసినా ఊడకూడదు. 2017లో ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది.

ఆలస్యమైతే

ఓడవాళ్లే నడిపే బస్సులో వెళ్లి ఆలస్యమైతే ఓడ మామూలుగా ఆగుతుంది. సొంతంగా వెళ్తే ఆగదు. ఆలస్యమవుతోందని అనుమానం రాగానే, గేటు దగ్గరికి వచ్చాక కాదు, దారిలోనే రేవు ఏజెంటుకు ఫోన్ చేసి పేరు, కేబిన్ నంబరు, ఎక్కడున్నారో చెప్పండి. పది నిమిషాల తేడా అయితే ఒక్కోసారి ఆ ఫోనే పని చేస్తుంది. ఓడ పోయిందంటే తరువాతి రేవుకు మీ ఖర్చుతో మీరే చేరాలి. చెన్నైకి రైల్లో పన్నెండు గంటల పైనే, విమానమైతే గంటన్నర లోపు. అందుకే రోజూ వేసుకునే మందులు ఒక పూటవి ఎక్కువ, ఫోన్ ఛార్జరు, ఒక బ్యాంకు కార్డు సంచిలో వేసుకుని దిగండి.